సమస్యాపూరణం: "కత్తి వెనుకకు నడచినఁ గలుగుఁ బదును"

నిర్వాహకుడు (నల్లగొండ):
ఈ వారం ఇచ్చినది తేటగీతి పద్యంలో చివరి పాదం. కత్తి – వెనుకకు – నడచినఁ – గలుగుఁ – బదును అని గణాలుగా, అంటే అక్షరాల చిన్న గుంపులుగా, విడదీసి చూస్తే ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు వరుసగా వస్తాయి. మొదటి ‘క’కూ ‘గలుగు’లోని ‘గ’కూ యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండవలసిన పొంతన, కుదిరింది. పై మూడు పాదాలు మీరు రాయాలి. మంగలికత్తిని నారబట్ట మీద, తోలు పట్టా మీద ఒరయడమే విషయం కాబట్టి, యుద్ధంలో వెనుదిరిగిన వీరుణ్ణి తీసుకువచ్చి సమస్యను దాటవేయవద్దని మనవి. గొడ్డలి మీద సమస్య ఇచ్చినప్పుడు సగానికి పైగా పూరణల్లో పరశురాముడే ప్రత్యక్షమైన సంగతి నేనింకా మరచిపోలేదు. ఎప్పటిలాగే 2016కు ముందరి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మిత్రులందరికీ ఆహ్వానం. అరసున్నలు పెట్టకపోయినా తప్పు పట్టను.

సూర్యాపేట మిత్రుడు:

సానరాతిపై నీళ్ళను జల్లి, పిదప
మెల్లమెల్లఁగఁ దనవైపు మిగుల నేర్పు
తోడ లాఁగుచు నుండినఁ దొలఁగు మొద్దు
కత్తి వెనుకకు నడచినఁ గలుగుఁ బదును.

నిర్వాహకుడు:
మొదటి పూరణకు అభినందనలు. గణాలు, యతులు అన్నీ సరిపోయాయి. ‘సాన’కు ‘జల్లి’తో యతి చెల్లుతుందా అని ఎవరైనా అడగవచ్చు, చ ఛ జ ఝ లకు శ ష స లతో మైత్రి ఉంది కనుక చెల్లుతుంది. ‘మొద్దు’ అనే మాటను మొద్దుతనమనే అర్థంలో వాడటం కొంచెం ఇబ్బందిగా ఉన్నా, అర్థం తెలుస్తూనే ఉంది.

దేవరకొండ మిత్రుడు:
అన్నా, ఛందస్సు గురించి నేను చెప్పగలిగింది లేదు గానీ, ఈ పద్యంలో పని తలకిందులైంది. మా ఇంట్లో మూడు తరాలుగా ఇదే వృత్తి, అందుకే ఊరుకోలేకపోతున్నాను. సానరాయి మీద కత్తి వెనుకకు నడవదు. రాతి మీద సన్నని పొర కోస్తున్నట్టుగా అంచు ముందుండి పోవాలి, అప్పుడే ఉక్కు అరిగి కొత్త అంచు తేలుతుంది. తోలు మీద అదే పని చేస్తే తోలు తెగుతుంది, అంచూ చెడుతుంది; అక్కడ కత్తి వీపు ముందుండాలి, అంచు దాని వెనుక రావాలి. అంటే మీరిచ్చిన పాదం తోలు మీద నిజం, రాయి మీద అబద్ధం. పై మూడు పాదాల్లో తోలు ప్రసక్తి లేకపోతే సమస్య సమస్యగానే మిగిలిపోతుంది.

నిర్వాహకుడు:
పాదం కట్టినవాణ్ణి నేనే అయినా ఇంత దూరం ఆలోచించలేదు. సూర్యాపేట మిత్రులు అన్యథా భావించవద్దు. ఇకపై పూరణల్లో తోలు తప్పనిసరి అని నిబంధన చేరుస్తున్నాను.

మిర్యాలగూడ మిత్రుడు:

తోలు పట్టాను బిగియించి తోడి చేత
వీపు ముందుకు సాగంగ వెనుక నంచు
జారి పోవుచు నొరయును జల్లఁగాను
కత్తి వెనుకకు నడచినఁ గలుగుఁ బదును.

దేవరకొండ మిత్రుడు:
‘బిగియించి’ అన్న ఒక్క మాటకే ఈ పద్యానికి నా ఓటు. మేకుకు తగిలించిన పట్టా కొసను ఎడమచేత్తో లాగి పట్టుకోవాలి. పట్టా వదులై ఉయ్యాలలా వేలాడితే, కత్తి దాటిపోయే చోట తోలు పైకి లేచి అంచును చుట్టుకుంటుంది. నాలుగు రోజులు అలా చేస్తే అంచు గుండ్రమవుతుంది, ఆ తరువాత రాయి తప్ప గతి లేదు. వీపూ అంచూ రెండూ తోలుకు ఆని ఉండాలన్నది కూడా వస్తే పద్యం నిండుగా ఉండేది గానీ, నాలుగు పాదాల్లో ఎంతని పడుతుంది!

నిర్వాహకుడు:
‘వెనుక నంచు’ను ‘వెనుకను, అంచు’ అని విడదీయాలి. తొందరలో చదివేవారికి ‘వెనుక అని పలుకుచు’ అనే అర్థం కూడా తట్టవచ్చు. అది దోషం కాదు.

గద్వాల మిత్రుడు:

పోరు సలిపెడి పొట్టేలు పూని కాలు
వెనుక కిడినచో ఢీకొను వేగ మబ్బు
అటులె తోలుపై నంచును నణఁచి లాఁగఁ
గత్తి వెనుకకు నడచినఁ గలుగుఁ బదును.

నిర్వాహకుడు:
విద్వద్గద్వాల అని ఊరికే అనలేదు. పొట్టేలు వెనక్కి తగ్గడం ఢీకొనడానికేనన్న మన నానుడిని కత్తికి ముడిపెట్టడం నాకు చాలా నచ్చింది. అయితే ఒక చిన్న సంగతి: చివర ‘గత్తి’ అని సంధి చేసి రాశారు, ఇచ్చిన పాదాన్ని అక్షరం మార్చకుండా ఉంచడం మన నియమం.

దేవరకొండ మిత్రుడు:
పెద్దలు క్షమించాలి, ‘అణచి’ అనకూడదు. తోలు మీద కత్తి బరువే చాలు, చెయ్యి బరువు దానికి తోడు కాకూడదు. గడ్డం గీసిన తరువాత కంటికి కనిపించనంత సన్నని అంచు అటూ ఇటూ వంగి ఉంటుంది. తోలు దాన్ని నిమిరి వరుసలోకి తెస్తుందే గానీ కొత్తగా అరగదీయదు; అణచితే ఆ వంగిన అంచు ఇంకా వంగుతుంది.

గద్వాల మిత్రుడు:
ఒప్పుకున్నాను. ‘అటులె తోలుపై నంచును నదుమ కీడ్వ’ అంటే ఎలా ఉంటుంది? అదుమక, ఈడ్వ అని విరుపు. ఇప్పుడు ‘కత్తి’ కూడా కత్తిగానే ఉంటుంది.

నిర్వాహకుడు:
అకారానికి అకారంతో యతి నిలిచింది, అర్థం సరిగ్గా తిరగబడింది. సవరణ పూరణ కంటే బాగున్నది.

వనపర్తి సోదరి:

అవిసె నారపైఁ దొలుదొల్త నంటు దుడిచి
పిదపఁ దోలుపై ముప్పది మార్లు సాఁగ
వీపు మీఁదనే త్రిప్పుచు వెనుదిరుగఁగ
కత్తి వెనుకకు నడచినఁ గలుగుఁ బదును.

నిర్వాహకుడు:
అమ్మా, నారబట్టను తలచుకున్న మొదటి పూరణ మీదే. రెండవ పాదంలో యతి తప్పింది: ‘పి’కి ‘మా’తో మైత్రి లేదు. ‘పిదపఁ దోలుపై ముప్పది విడుత లీడ్చి’ అనండి. పకారానికి వకారంతో యతి చెల్లుతుంది.

దేవరకొండ మిత్రుడు:
అక్కా, మూడవ పాదం నా చేత చప్పట్లు కొట్టించింది. కొసకు చేరాక కత్తిని అంచు మీద తిప్పితే తోలులో గాటు పడుతుంది. వీపును తోలు మీద నుంచి లేపకుండా, దాని మీదనే కత్తిని దొర్లించి రెండవ చెంపను కింది వైపుకు తేవాలి. నారబట్ట గురించి ఒక మాట చెప్తాను. గడ్డం గీసిన కత్తికి సబ్బు, తడి అంటుకుని ఉంటాయి. బట్ట వాటిని తుడిచి, కొంచెం రాపిడితో అంచును తోలుకు సిద్ధం చేస్తుంది. మా నాన్న పట్టాలో ముందు పొర బట్ట, వెనుక పొర తోలు, రెండూ ఒకే కడియానికి తగిలించి ఉండేవి. బట్ట మీద పోతుంటే సర్రు సర్రుమని గరుకుగా వినిపించేది; తోలు మీదకు రాగానే అదే కత్తి గొంతు తగ్గించి మాట్లాడినట్టుండేది. తోలు మీద చప్పుడు మారిందంటే చెయ్యి ఎక్కడో ఒరిగిందని ఆయన వేరే పనిలో ఉండి కూడా పసిగట్టేవారు. ఇప్పుడు దుకాణంలో సగం బ్లేడు పెట్టే కత్తులే, ఒక్కో మనిషికి ఒక్కో బ్లేడు. పట్టా అవసరమే లేదు.

నిర్వాహకుడు:
ఇంత చెప్పిన మీరు పద్యం రాయకపోతే మేము ఒప్పుకోము.

దేవరకొండ మిత్రుడు:
గణాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకుని రాశాను, తప్పులుంటే చెప్పండి.

ముందుకే త్రోయఁ దోలును ముక్క చేసెఁ
జిన్ననాఁ డది; మణికట్టుఁ జేతఁ బట్టి
వీపు ముందని నా తండ్రి విప్పి చెప్పె:
కత్తి వెనుకకు నడచినఁ గలుగుఁ బదును.

గద్వాల మిత్రుడు:
సమస్యను తండ్రి నోట మాటగా మార్చడం వల్ల అందులోని వైరుధ్యం పాఠంగా మారిపోయింది. నా పొట్టేలు ఇప్పుడు నిజంగానే వెనక్కి తగ్గింది.

నిర్వాహకుడు:
గణయతులు నిర్దోషంగా ఉన్నాయి. ఒక్కటే సందేహం: మొదటి పాదంలో ‘ముక్క చేసె’ అన్నారు, కర్త లేడు. తోలును ముక్క చేసింది మీరే అయితే ‘చేసితి’ అనవలసి ఉంటుంది.

దేవరకొండ మిత్రుడు:
ఆ పట్టా ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, కింది కొసకు రెండు వేళ్ళ ఎడంలో ఏటవాలుగా గాటుతో. ఎవరు కోశారని ఆ రోజు నాన్న అడిగితే, నేను కాదు, కత్తే కోసిందని చెప్పాను. అందుకని కర్తను అలాగే ఉండనివ్వండి.