జీనా పేపర్ కట్టింగులు: ఏవి ఉంచాలి, ఎలా లెక్కపెట్టాలి?

చక్రం_నాది
అందరికీ నమస్కారం. లూసీ లాలెస్ జీనాగా నటించిన టీవీ సీరియల్ 'జీనా: వారియర్ ప్రిన్సెస్' మీద 1995 నుంచి 2001 దాకా అమెరికా, న్యూజిలాండ్ పత్రికల్లో వచ్చినవన్నీ ఒకచోట చేరుస్తున్నాను. కొన్ని సందేహాలున్నాయి. జీనా పేరు ఒక్క లైన్లో వచ్చిపోయిన వార్తలు కూడా దాచాలా? ఒకే వార్త నాలుగు పేపర్లలో వస్తే ఒకటా, నాలుగా? తారీఖు లేని కట్టింగులను ఏ సీజన్ కింద పెట్టాలి? ముఖ్యంగా 1996 అక్టోబర్‌లో లూసీ గుర్రం మీంచి పడ్డ ప్రమాదం, 'ద వే' ఎపిసోడ్ గొడవ, ఈ రెండింటి మీదా గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. మీరెలా చేస్తున్నారో చెప్పండి.

గాబ్రియెల్_పక్షం
మిగతావి ఎలా సర్దినా, జీనాతో కలిసి తిరిగే గాబ్రియెల్‌ని "సైడ్‌కిక్" (పక్క పాత్ర) అని రాసిన ప్రతి కట్టింగూ వేరే ఫైల్లో పెట్టండి. ఎంత లావవుతుందో అందరూ చూడాలి. కథలు చెప్పుకునే పల్లెటూరి పిల్లగా మొదలై, అమెజాన్ల రాణై, చివరికి జీనా ఆయుధమైన చక్రం అందుకున్న పాత్ర అది. జీనా మారడానికి కారణమే ఆ పిల్ల. ఆ పాత్ర వేసిన రెనే ఓకానర్ ఈ సీరియల్లో రెండు ఎపిసోడ్లు డైరెక్ట్ కూడా చేసింది. నాలుగో సీజన్ చివరిది ఒకటి, ఆరో సీజన్లో 'డేంజరస్ ప్రే' ఒకటి. దాని మీద నా దగ్గర సరైన వ్యాసం ఒక్కటీ లేదు. ఆమె ఇంటర్వ్యూ తెరిస్తే చాలు, మొదటి ప్రశ్నే లూసీ లాలెస్ గురించి. ఒళ్లు మండుతుంది.

పాత_సబ్ఎడిటర్
చక్రం గారూ, మీ రెండో ప్రశ్నకు జవాబు చెప్పగలిగింది ఇక్కడ నేనొక్కడినే అనుకుంటా. నేను పత్రికాఫీసు డెస్కులో పనిచేసినవాణ్ణి. పేపర్ ఎలా తయారవుతుందో చదివి తెలుసుకోలేదు, చేసి తెలుసుకున్నాను.

మీకు నాలుగు పేపర్లలో కనబడేది చాలాసార్లు ఒకే ఏజెన్సీ కాపీ, అంటే ఒక వార్తాసంస్థ అన్ని పేపర్లకూ పంపిన వార్త. హెడ్డింగ్ ఎక్కడికక్కడ డెస్కు వాళ్లే పెట్టుకుంటారు కాబట్టి వేరువేరు వార్తల్లా అనిపిస్తాయి. హెడ్డింగ్ వదిలేసి మొదటి రెండు పేరాలు పక్కపక్కన పెట్టి చూడండి. మాటకు మాట కలిస్తే అది ఒక్క వార్తే. డేట్‌లైన్‌లో, అంటే వార్త ఎక్కణ్ణుంచి వచ్చిందో మొదట్లో రాసే చోట, ఊరి పేరు చూడండి, పక్కన ఏజెన్సీ గుర్తుందా చూడండి. పేజీలో జాగా చాలకపోతే వార్తను కింది నుంచి కోస్తాం. ముఖ్యమైనది పైన, వివరం కింద ఉంటుంది కాబట్టి అందరికంటే ముందు పోయేది ఆఖరి పేరా. అందుకే అన్నిటికంటే పొడుగ్గా ఉన్న కాపీ వెతికి పట్టుకోండి, అది అసలు. మిగతా పేపర్ల పేర్లు, పేజీ నంబర్లు దాని కిందే రాసుకోండి. పారెయ్యొద్దు. ఏ పేపర్ ఏ పేజీలో వేసిందన్నది కూడా సమాచారమే.

పసుపు_కాగితం
కట్టింగులకు సెల్లోటేప్ వేసినవాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే ఆపెయ్యండి. న్యూస్‌ప్రింట్‌లో లిగ్నిన్ ఉంటుంది, వెలుతురు తగిలితే పసుపెక్కి పెళుసవుతుంది. దాని మీద టేప్ జిగురు పడితే మచ్చ గోధుమరంగుకి తిరుగుతుంది, ఇక పోదు. లామినేషన్ అసలే వద్దు, వెనక్కి తీసే దారి ఉండదు. ముందు స్కాన్ చేసి, ఆమ్లం లేని కాగితం మీద జిరాక్స్ తీసి, అసలుది చీకటిలో పెట్టండి. నేను ప్రాణంగా చూసుకున్న మొదటి సీజన్ రివ్యూని అప్పు అడిగి తీసుకెళ్లిన స్నేహితుడు టేప్ వేసి ఆల్బమ్‌లో అంటించాడు. లూసీ మొహం మీద అడ్డంగా గోధుమరంగు చార. ఇప్పటికీ కడుపు మండుతోంది.

ఇంకోటి. కట్టింగును ఆల్బమ్‌కి అంటిస్తే వెనకవైపు పోతుంది. తారీఖు లేనివాటికి తారీఖు దొరికేది అక్కడే. నా దగ్గర ఒక ముక్క వెనక సగం తెగిన సినిమా టైమింగుల పట్టిక ఉంది. ఆ సినిమాలు ఏ వారం ఆడాయో చూసుకుంటే తారీఖు తేలిపోయింది. ఆటల స్కోర్లున్నా అంతే.

చక్రం_నాది
ఇది బంగారం లాంటి మాట. కానీ ఎపిసోడ్ ప్రసార తేదీని బట్టి చెప్పలేమా?

పాత_సబ్ఎడిటర్
చెప్పలేరు. జీనా ఒక నెట్‌వర్క్‌లో దేశమంతా ఒకే గంటకు వచ్చిన సీరియల్ కాదు, సిండికేషన్. స్టేషన్ స్టేషన్‌కి అమ్మారు. ఒక ఊళ్లో శనివారం సాయంత్రం, ఇంకో ఊళ్లో ఆదివారం అర్ధరాత్రి. పేపర్లో "ఈ వారం ఎపిసోడ్" అని ఉంటే ఆ ఊరి వారం అన్నమాట. సిండికేషన్ అంటే తెలియకుండా జీనా కట్టింగులు సర్దడం వృథా.

మారుతి_ధ్వజం
'ద వే' గొడవ దగ్గరికి రండి. 1999 ఫిబ్రవరిలో వచ్చింది. జీనా, గాబ్రియెల్ భారతదేశంలో ఉంటారు. కృష్ణుడు, హనుమంతుడు, ఇంద్రజిత్తు పాత్రలుగా వస్తారు. వరల్డ్ వైష్ణవ అసోసియేషన్, అమెరికన్ హిందూస్ ఎగైనెస్ట్ డిఫమేషన్ నిరసన తెలిపాయి. ఎపిసోడ్ ఆపేశారు. తర్వాత కొన్ని మార్పులు చేసి, ఒక వివరణ జోడించి మళ్లీ వేశారు. నా దగ్గరున్న కట్టింగుల్లో ఇంతే ఉంది. ఎందుకు బాధ కలిగిందో మాత్రం ఎవరూ వివరంగా రాయలేదు. కోట్లమంది రోజూ పూజించే దేవుళ్లను కల్పిత పాత్రల్లో కలిపేశారన్నది మొదటి విషయం. రెండోది, లక్ష్మణుడి చేతిలో త్రేతాయుగంలోనే చచ్చిన ఇంద్రజిత్తు కృష్ణుడి కాలంలో ఎలా ఉంటాడు? ఒక్క రిపోర్టర్ అయినా ఆ ప్రశ్న వేశాడా?

ట్రాయ్_టు_రోమ్
జీనా ట్రాయ్ యుద్ధంలో హెలెన్‌ని కాపాడింది. దావీదు, గొలియత్ కథలో ఉంది. జూలియస్ సీజర్ ఆమెను శిలువ వేయించాడు. ఇవన్నీ ఒక్క మనిషి జీవితకాలంలోనే. కాలాలు కలిపెయ్యడం ఆ సీరియల్ మొదటి రోజు నుంచి చేస్తున్న పని. గ్రీకు దేవుళ్లను ఇంతకంటే ఘోరంగా చూపించారు. ఇంద్రజిత్తు దగ్గర మాత్రం యుగాల లెక్క తీస్తారేం?

మారుతి_ధ్వజం
గ్రీకు దేవుళ్లకు ఈ రోజు ఎన్ని గుళ్లలో దీపం పెడుతున్నారండీ? పోలిక ఎక్కడిది?

వ్యాసపీఠం
మధ్యలో ఒక మాట. హనుమంతుడు, కృష్ణుడు ఒకే కథలో ఉండటం తప్పు కాదు. హనుమంతుడు చిరంజీవి. అరణ్యపర్వంలో సౌగంధిక పుష్పం కోసం వెళ్లిన భీముడికి దారిలో అడ్డంగా తోక పరుచుకుని కనిపిస్తాడు. అర్జునుడి జెండా మీద కూడా ఆయనే. కాబట్టి అభ్యంతరం ఇంద్రజిత్తు వరకే.

మారుతి_ధ్వజం
నేనన్నదీ అదే కదా. నా పేరు చూసి కూడా నాకు కపిధ్వజం పాఠం చెబుతారా?

ట్రాయ్_టు_రోమ్
ఆ ఎపిసోడ్‌లో ఇంద్రజిత్తు రాక్షసరాజు. రావణుడి కొడుకు కథ అక్కడ లేదు. పేరు మాత్రం తీసుకున్నారు.

మారుతి_ధ్వజం
పేరు తీసుకుని కథ వదిలెయ్యడమే అసలు తప్పు. మేఘనాదుడు ఇంద్రుణ్ణి గెలిచి ఆ పేరు సంపాదించాడు. దారినపోయే విలన్ కాదు.

ఆర్గో_మీద_సవారీ
నేనూ హిందువునే. ఆ ఎపిసోడ్ నాకు నచ్చింది. జీనా అన్ని దారులూ మూసుకుపోయాక కృష్ణుణ్ణి ప్రార్థిస్తుంది, ఆయన ఆమెకు యోధురాలిగా తన దారి ఏమిటో చూపిస్తాడు. అప్పట్లో హరేకృష్ణ భక్తుల్లోనే కొందరు బాగుందన్నారు, ఆపొద్దని ఫ్యాన్స్ కూడా ఉద్యమం చేశారు. పేపర్లు "హిందువులు" అని ఒక్క మాటతో సరిపెట్టాయి. మారుతి గారికి కోపం వచ్చిందంటే గౌరవిస్తాను, కానీ నా తరఫున కూడా ఆయనే మాట్లాడినట్టు రాస్తే ఒప్పుకోను.

మారుతి_ధ్వజం
మీ తరఫున నేను మాట్లాడలేదు. మీకు బాధ కలగలేదని నా బాధ అబద్ధమైపోదు.

గాబ్రియెల్_పక్షం
అదే ఎపిసోడ్‌లో గాబ్రియెల్ అహింసామార్గం ఎంచుకుని తన ఆయుధమైన కర్రను నదిలో వదిలేస్తుంది. పాత్ర మొత్తం మలుపు తిరిగేది అక్కడ. దాని గురించి ఒక్క పేపరూ రాయలేదు, ఇక్కడ మీరూ మాట్లాడటం లేదు.

పాత_సబ్ఎడిటర్
అక్కడ జరిగింది చాలా మామూలు విషయం. నిరసన వార్త రాసేది టీవీ రివ్యూలు రాసే మనిషి కాదు. ఎపిసోడ్ చూసి ఉండడు. ఒకవైపు ప్రకటన, ఇంకోవైపు స్టూడియో ప్రకటన పెట్టి పంపుతాడు. యుగాల గురించి ఒక పేరా ఉన్నా అది ఆఖరిదే అయ్యుంటుంది, కోత మొదలయ్యేది అక్కడే. అందుకే పొడుగు కాపీ వెతకమన్నాను.

ఎరిస్_కాదు_జీనా
2005, 2006 వార్తలు కూడా చేర్చండి. 2005 జులైలో మైక్ బ్రౌన్ బృందం నెప్ట్యూన్‌కి ఆవల కొత్త గోళం కనుక్కున్నామని ప్రకటించింది. వాళ్లు ముద్దుగా పిలుచుకున్న పేరు జీనా, దాని చందమామకు గాబ్రియెల్. 2006 సెప్టెంబర్‌లో అధికారికంగా ఎరిస్ అని పెట్టేదాకా "పదో గ్రహం జీనా" అనే హెడ్డింగులే. ప్లూటో పదవి పోవడానికి కారణం ఆ గోళమే. ఒక సీరియల్‌కి ఇంతకంటే గౌరవం ఏముంటుంది?

చక్రం_నాది
అవి సీరియల్ మీద వార్తలు కావు కదండీ. 2001 జూన్‌తో ఆపాలనుకున్నాను.

ఎరిస్_కాదు_జీనా
2001తో ఆపితే సీరియల్లో యుద్ధదేవుడు ఏరీస్‌గా వేసిన న్యూజిలాండ్ నటుడు కెవిన్ స్మిత్ మరణవార్తలు కూడా పోతాయి. 2002 ఫిబ్రవరిలో చైనాలో ప్రమాదవశాత్తూ చనిపోయారు. ఆ పేరుతో వెతికితే అదే పేరున్న అమెరికన్ దర్శకుడి వార్తలు వచ్చిపడతాయి. పక్కన "న్యూజిలాండ్" అని కలిపి వెతకండి.

పసుపు_కాగితం
ఇంటర్నెట్‌లో జీనా వార్తల కోసం అలర్టులు పెట్టుకున్నవాళ్ల బాధ కూడా వినండి. 2015లో రీమేక్ అన్నారు, 2017లో ఆపేశామన్నారు. ఈ మధ్యలో "లూసీ తిరిగొస్తుందా" అని ఏమీ లేని వార్తలు ఎన్నొచ్చాయో. వాటిని కూడా దాచాలంటే ఇల్లు చాలదు.

ఆర్గో_మీద_సవారీ
ముగింపు ఎపిసోడ్ రివ్యూలు ఎవరూ అడగట్లేదేం? జీనాని చంపేసి, చచ్చే ఉండిపోవాలనడం ఎంత అన్యాయం...

ట్రాయ్_టు_రోమ్
ఆ చర్చ మొదలుపెట్టకండి, దయచేసి. అది చావుకు తగిన ముగింపే.

ఆర్గో_మీద_సవారీ
తగిన ముగింపా? ఆరేళ్లు ప్రాయశ్చిత్తం చేసుకున్న మనిషికా?

చక్రం_నాది
ముగింపుకి వేరే చర్చ పెడదాం. నా అసలు సమస్య 1996 అక్టోబర్. నా దగ్గరున్న చిన్న కట్టింగుల్లో ఒకదాంట్లో "షూటింగ్‌లో గాయం" అని ఉంది. దాన్ని ఉంచాలా?

పాత_సబ్ఎడిటర్
ఉంచండి, పక్కన తప్పు అని రాయండి. జీనా షూటింగ్ న్యూజిలాండ్‌లో. లూసీ పడింది కాలిఫోర్నియాలో, జే లెనో టాక్ షో కోసం స్కిట్ రిహార్సల్ చేస్తుండగా ఎన్‌బీసీ స్టూడియో పార్కింగ్ స్థలంలో. గుర్రం కాలు జారింది, ఆమె కటి ఎముక విరిగింది. కోసిన కాపీలో "రిహార్సల్" పోయి "గుర్రం మీంచి పడింది" మిగిలితే, చదివినవాడు షూటింగ్ అనే అనుకుంటాడు.

గాబ్రియెల్_పక్షం
ఆ వార్త లేకపోతే రెండో సీజన్ అర్థం కాదు. 'ఇంటిమేట్ స్ట్రేంజర్'లో జీనా, ఆమె శత్రువు కాలిస్టో శరీరాలు మారిపోతాయి, చివర జీనా తన శరీరంలోకి తిరిగి రావాల్సింది. లూసీ మంచం మీద ఉంది కాబట్టి ముగింపు మార్చారు, తర్వాతి ఎపిసోడ్ అంతా కాలిస్టో వేసిన హడ్సన్ లీక్ జీనాగా నటించింది. రెండు కట్టింగులూ ఒకే కవర్లో పెట్టండి: ప్రమాదం వార్త, ఆ ఎపిసోడ్ రివ్యూ.

చక్రం_నాది
అలాగే చేస్తాను. ప్రమాదం వార్త పొడుగు కాపీ ఎవరి దగ్గరైనా ఉందా? "రిహార్సల్" అన్న మాట ఉన్నది కావాలి.

వ్యాసపీఠం
నా దగ్గర రెండు కాలమ్‌ల కాపీ ఉంది, డేట్‌లైన్‌తో సహా. ఆదివారం స్కాన్ చేసి పెడతాను. వెనకవైపు కూడా.

మారుతి_ధ్వజం
'ద వే' మీద పొడుగు కాపీ ఉన్నా పెట్టండి. ఆఖరి పేరాతో.