బరంగారూలో ఆఫీసు: మెట్రో వస్తుందని వెస్ట్‌మీడ్‌లో ఇల్లు తీసుకోవాలా?

హ్యారిస్ పార్క్ నుంచి, కొత్త సభ్యుడు:

అన్నయ్యలకు, అక్కయ్యలకు నమస్కారం. గుంటూరు నుంచి ఈమధ్యే సిడ్నీ వచ్చాను. వర్క్ వీసా. ప్రస్తుతం హ్యారిస్ పార్క్‌లో ఇద్దరు స్నేహితులతో కలిసి సర్దుకుంటున్నాను. ఆఫీసు సిటీలోని బరంగారూలో. మా ఆవిడ, పాప జనవరిలో వస్తున్నారు. పాపని కిండర్‌లో చేర్పించాలి. ఈలోగా రెండు పడగ్గదుల యూనిట్ చూసుకోవాలి.

రెండు నచ్చాయి. ఒకటి వెస్ట్‌మీడ్ స్టేషన్‌కి నడిచేంత దూరంలో పాత ఎర్ర ఇటుకల బిల్డింగ్, రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, అద్దె తక్కువ. రెండోది టల్లవాంగ్ మెట్రో పక్కన కొత్త టవర్, వారానికి వంద డాలర్లు ఎక్కువ. ఆఫీసులో ఒకాయన "వెస్ట్‌మీడ్‌కి మెట్రో వస్తోంది, ఇప్పుడే దూరిపో" అంటారు. ఇంకొకాయన అద్దె దండగ, పారమటాలో ఆఫ్ ద ప్లాన్ ఫ్లాట్, అంటే ఇంకా కట్టనిది, ప్లాన్ చూసి బుక్ చేసెయ్ అంటారు. ఏదీ తేలడం లేదు. దయచేసి సలహా ఇవ్వండి.

వెస్ట్‌మీడ్ నుంచి, పాత సభ్యుడు:

తమ్ముడూ, ముందు మెట్రో సంగతి. వెస్ట్‌మీడ్‌కి వచ్చే మెట్రో వెస్ట్ 2032లో తెరుస్తామని ప్రభుత్వం చెబుతున్న లెక్క. వెస్ట్‌మీడ్ నుంచి పారమటా, ఒలింపిక్ పార్క్, ఫైవ్ డాక్ మీదుగా సిటీలో హంటర్ స్ట్రీట్ దాకా 24 కిలోమీటర్ల సొరంగం. అది పూర్తయితే పారమటా నుంచి సిటీకి 20 నిమిషాలట, మంచిదే. నువ్వు సంతకం పెట్టేది మాత్రం పన్నెండు నెలల లీజు. 2032లో వచ్చే రైలుకి ఇప్పటినుంచే అద్దె కట్టడం దేనికి? పైగా స్టేషన్ కట్టేచోట పక్కనే ఉంటే నీకు దక్కేది రైలు కాదు, లారీలూ, దుమ్మూ, మూసేసిన ఫుట్‌పాత్‌లూ.

నేనైతే ఇవాళ నడుస్తున్న రైలునే లెక్కేసుకుంటాను. వెస్ట్‌మీడ్ నుంచి టీ1 లైను రైలు ఎక్కితే మారకుండా విన్యార్డ్‌లో దిగొచ్చు. అక్కణ్ణుంచి బరంగారూకి విన్యార్డ్ వాక్ అని నడక సొరంగం ఉంది, వానొచ్చినా తడవవు. టల్లవాంగ్ నుంచైతే మెట్రో నేరుగా బరంగారూలోనే దింపుతుంది. అది 2019 మేలో టల్లవాంగ్ నుంచి చాట్స్‌వుడ్ దాకా మొదలైంది, 2024 ఆగస్టులో సిటీ మీదుగా సిడెన్‌హామ్ దాకా పొడిగించారు. డ్రైవర్ ఉండడు, రద్దీ వేళ నాలుగు నిమిషాలకొకటి. కాబట్టి నీ ఆఫీసు వరకే చూస్తే టల్లవాంగ్‌దే పైచేయి. టికెట్‌లో తేడా ఏమీ లేదు, రైలుకైనా మెట్రోకైనా అదే ఓపల్ కార్డు, వారానికి 50 డాలర్లు దాటి కోత పడదు.

ఇంక ఆ ఎర్ర ఇటుకల బిల్డింగ్. అద్దె ఎందుకు తక్కువో అడిగావా? లిఫ్ట్ లేకపోవడం ఒక్కటే కారణం కాకపోవచ్చు. ఇక్కడ అరవైలు, డెబ్భైల్లో కట్టిన మూడంతస్తుల బిల్డింగులు స్టేషన్ల చుట్టూ బోలెడు. ఇదివరకు అలాంటి బిల్డింగ్ మొత్తం అమ్మాలంటే ప్రతి ఓనరూ ఒప్పుకోవాల్సి వచ్చేది. 2016 చివర్లో చట్టం మార్చారు. ఇప్పుడు 75 శాతం మంది సరేనంటే, మిగతావాళ్లు కాదన్నా ల్యాండ్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కోర్టు అనుమతితో బిల్డర్‌కి అమ్మేయొచ్చు. అలా అమ్మే ఆలోచనలో ఉన్న ఓనర్ కారుతున్న కుళాయి బాగుచేయిస్తాడా? గోడకి బూజు పడితే రంగు వేయిస్తాడా? రేపో మాపో కూల్చేదానికి పైసా పెట్టడు. అద్దెకున్నవాడికి ఆ అమ్మకం ఊసే తెలియదు.

దీనికి తోడు 2023 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం స్టేషన్ల చుట్టూ ఇళ్లు పెంచే పథకం ప్రకటించింది. రెండు రకాలు. 37 స్టేషన్ల దగ్గర 400 మీటర్లలోపు ఆరంతస్తుల దాకా కట్టనిస్తారు. సిడ్నీలో లిడ్‌కమ్, బెరాలా, ఆష్‌ఫీల్డ్, సెయింట్ మేరీస్ వంటివి ఇందులో ఉన్నాయి. ఉత్తరాన గోర్డన్, లిండ్‌ఫీల్డ్ వైపు పెద్ద పెద్ద తోటల ఇళ్లవాళ్లు ఊరుకోలేదు, వాళ్ల కు-రింగ్-గై కౌన్సిల్ ప్రభుత్వం మీద కోర్టుకే వెళ్లింది. ఇంకో ఎనిమిది చోట్ల 1200 మీటర్ల మేర ఏకంగా టవర్లకే దారి తెరిచారు: హార్న్స్‌బీ, హోమ్‌బుష్, క్రోస్ నెస్ట్, మక్వారీ పార్క్, బ్యాంక్స్‌టౌన్, బేస్ వెస్ట్, ఆపైన మనవాళ్లు గుంపులుగా ఉండే కెల్లీవిల్, బెల్లా విస్టా. ఊరు మొత్తం అంచులకే పాక్కుంటూ పోకుండా ఉన్న రైలు చుట్టూ కట్టాలనేది ఆలోచన. దాంతో నాకు పేచీ లేదు, ఎక్కడో మార్స్‌డెన్ పార్క్ అవతల కట్టి అందరిచేతా కార్లు కొనిపించడం కన్నా నయం. కానీ ఆ 37 స్టేషన్ల దగ్గర కట్టే పెద్ద బిల్డింగుల్లో తక్కువ అద్దె ఇళ్లకి వదలాల్సింది కనీసం 2 శాతమే. అది ఏ మూలకి?

వెస్ట్‌మీడ్ ఈ రెండు జాబితాల్లోనూ లేదు. అలాగని అక్కడ ఏమీ మారదనుకోకు. 2025 ఫిబ్రవరి నుంచి మరో 171 స్టేషన్లు, టౌన్ సెంటర్ల చుట్టూ 800 మీటర్లలో చిన్న అపార్ట్‌మెంట్లకీ, టౌన్‌హౌసులకీ వీలు కల్పించారు. మీ వీధి ఎందులోకి వస్తుందో ప్లానింగ్ పోర్టల్ మ్యాప్‌లో అడ్రస్ కొడితే కనిపిస్తుంది. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో డీఏ (డెవలప్‌మెంట్ అప్లికేషన్) ట్రాకర్ అని ఉంటుంది, అందులో పక్క స్థలాలకి ఎవరు ఏం కట్టడానికి దరఖాస్తు పెట్టారో ఉంటుంది. లీజు మీద సంతకం పెట్టేముందు ఆ రెండూ చూడు.

మరీ భయపడకు కూడా. 2025 మే 19 నుంచి ఇక్కడ ఓనర్ కారణం చెప్పకుండా ఖాళీ చేయించకూడదు. కూల్చివేత అనేది ఒప్పుకునే కారణమే, కానీ దానికి ఆధారం చూపించాలి, లీజు గడువు మధ్యలో చెయ్యకూడదు. ఆరు నెలలకి మించిన లీజైతే 90 రోజుల నోటీసు. అద్దె ఏడాదికి ఒక్కసారే పెంచాలి, అదీ 60 రోజుల ముందు రాసిచ్చి. బాండ్, అంటే మన అడ్వాన్సు, నాలుగు వారాల అద్దెకి మించకూడదు, ఆ డబ్బు ఏజెంట్ దగ్గర కాదు, ఫెయిర్ ట్రేడింగ్ అనే ప్రభుత్వ సంస్థలో జమవుతుంది. ఎవరైనా "బాండ్ నా అకౌంట్‌కి వెయ్యి తమ్ముడూ" అంటే, ఎంత తెలుగువాడైనా సరే, వద్దను.

ఇంకొకటి, కొత్తగా వచ్చినవాళ్లంతా తప్పే లెక్క. ఇక్కడ అద్దె వారానికి చెబుతారు. దాన్ని నాలుగుతో గుణిస్తే నెల అద్దె రాదు. 52తో గుణించి 12తో భాగించు.

ద పాండ్స్ నుంచి, సభ్యురాలు:

బాబూ, అన్నయ్యగారు రైలు లెక్క చెప్పారు, ఇంట్లో ఉండేవాళ్ల లెక్క నేను చెబుతాను. మీరు పొద్దున్నే బరంగారూ వెళ్లిపోతారు. మీ ఆవిడ, పాప రోజంతా ఆ చుట్టుపక్కలే ఉంటారు. టల్లవాంగ్‌లో స్టేషన్ దిగగానే వెయ్యి కార్ల పార్కింగ్ కనిపిస్తుంది. అంటే ఏమిటి? చుట్టుపక్కల వాళ్లంతా కార్లలో వచ్చి రైలెక్కుతారనే కదా. కూరగాయలకీ, డాక్టర్‌కీ, పాప డాన్స్ క్లాసుకీ కారు లేకపోతే కాళ్లూ చేతులూ ఆడవు. మీ ఆవిడకి ఇక్కడి లైసెన్స్ వచ్చేదాకా ఆవిడ ఇంట్లో బందీయే. వెస్ట్‌మీడ్‌లో ఆ బాధ లేదు. ఆస్పత్రులు నడిచేంత దూరం, వెంట్‌వర్త్‌విల్‌లో మన సరుకులు ఒక్క స్టేషన్ అవతల, మీకిప్పుడు అలవాటైన హ్యారిస్ పార్క్ కూడా దగ్గరే. హెలెన్స్‌బర్గ్ వెంకన్న దగ్గరికి మాత్రం ఎక్కణ్ణుంచైనా కారే.

స్కూల్ మాట. ఇక్కడ ప్రభుత్వ బడిలో సీటు ఇంటి అడ్రస్‌ని బట్టి. రోడ్డుకి ఇటు ఒక బడి, అటు ఇంకొకటి పడొచ్చు. యూనిట్ ఎంచుకునేముందు ఆ అడ్రస్‌కి ఏ బడి వస్తుందో స్కూల్ ఫైండర్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకోండి. టవర్లు లేచినంత వేగంగా బడులు లేవవు, ఆటస్థలంలో తాత్కాలిక గదులు వేసి సరిపెడుతున్నారు. బడికి ఫోన్ చేసి నేరుగా అడగండి. వర్క్ వీసా వాళ్ల పిల్లలకి ఫీజు ఉంటుందా అన్నదీ ఆ ఫోన్‌లోనే తేల్చుకోండి, వీసా రకాన్ని బట్టి మారుతుంది.

నా ఓటు వెస్ట్‌మీడ్‌కే, కాకపోతే ఆ ఎర్ర బిల్డింగ్ కాకుండా ఇంకోటి వెతకండి. పిల్లతో, స్ట్రోలర్‌తో, బియ్యం బస్తాతో రెండంతస్తులు రోజూ ఎక్కి దిగాలి. చూసేరోజు ఉత్సాహంలో అది తెలియదు.

బ్లాక్‌టౌన్ నుంచి, కరీంనగర్ సభ్యుడు:

తమ్మీ, కొనుడు ముచ్చట నేను జెప్త. నువ్వు వర్క్ వీసా మీదున్నవు గదా. 2025 ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 దాకా టెంపరరీ వీసా వాళ్లు పాత ఇల్లు కొనొద్దని కేంద్రం బంద్ వెట్టింది. కొత్తది కొనచ్చు, దానికీ విదేశీ పెట్టుబడి బోర్డు పర్మిషన్ గావాలె, ఫీజు గట్టాలె. దాని మీదికెళ్లి రాష్ట్రపోళ్ల స్టాంప్ డ్యూటీ, ఆ డ్యూటీ గాక విదేశీయులకు ఇంటి ధరల ఇంకో 9 శాతం. ఎనిమిది లక్షల డాలర్ల ఫ్లాట్ అనుకో, ఆ 9 శాతమే 72 వేలు. ఏజెంట్ జెప్పే "మెట్రో లాభం" మొత్తం దీంట్లనే పాయె. పీఆర్ (పర్మనెంట్ రెసిడెన్సీ) వచ్చేదాక సప్పుడు జెయ్యకుండ అద్దెకుండు.

వాట్సాప్ గ్రూపులల్ల మనోళ్లే పోస్టులు వెడుతున్నరు, "స్టేషన్‌కు మూడు నిమిషాలు, పది శాతం కడితె సాలు" అని. అండ్ల శానమందికి బిల్డర్ కమీషన్ ఇస్తడు. మన దగ్గర హైదరాబాద్‌ల ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా మెట్రో లైను ఫస్ట్ ఫేజ్ మ్యాప్‌లనే ఉండె. 2017ల మెట్రో నడుసుడు షురువైనా ఆ అయిదున్నర కిలోమీటర్లు కట్టనే లేదు, 2024ల మల్ల శంకుస్థాపన జేసిన్రు. సిడ్నీ ఏం తక్కువ గాదు. సిడెన్‌హామ్ నుంచి బ్యాంక్స్‌టౌన్ దాకా ఉన్న రైలును మెట్రో జేస్తమని 2024 సెప్టెంబర్ 30 నాడు బంద్ జేసిన్రు. లకెంబా, క్యాంప్సీ, పంచ్‌బౌల్ జనం బస్సుల పాలైన్రు. మొదాలు 2024ల ఐతదన్నరు, జరుగుకుంట జరుగుకుంట 2026కు వోయింది. స్టేషన్ పక్కనే ఇల్లు, ఎక్కుదామంటె రైలు లేదు!

రేపు పీఆర్ వచ్చినంక కొంటెనన్న గిది యాదివెట్టుకో. కొత్త టవర్ అంటె బాగనే ఉంటదని నమ్మకు. 2018 క్రిస్మస్ ముందురోజు ఒలింపిక్ పార్క్‌ల ఓపల్ టవర్ గోడలు పలిగితె అందరిని బయటికి పంపిన్రు, అప్పుడది కట్టి ఏడాది గూడ కాలె. 2019 జూన్‌ల మాస్కట్ టవర్స్ ఖాళీ జేపిచ్చిన్రు. రెండు గూడ స్టేషన్‌కు దగ్గరియే! అటెన్క బిల్డింగ్ కమిషనర్‌ను వెట్టి జర గట్టిగనే వట్టుకుంటున్నరు, గని నీ పైసల జాగ్రత్త నీదే. కట్టిన బిల్డింగైతె స్ట్రాటా రిపోర్ట్, అంటె ఓనర్ల సంఘం రికార్డులు, తెప్పిచ్చి మీటింగ్ మినిట్సు సదువు. నీళ్లు కారుతున్నయి, లాయర్‌ను వెట్టుకున్నం అని ఏడనన్న ఉంటె దండం వెట్టి బయటికి రా. ఆఫ్ ద ప్లాన్ ఐతె సంతకం వెట్టినంక పది పనిదినాల లోపట ఎన్కకు రావచ్చు, గప్పుడు గూడ ధరల 0.25 శాతం వోతది. సన్‌సెట్ క్లాజ్ అంటె ఫలానా తారీకు లోపట కట్టుడు గాకపోతె ఒప్పందం రద్దు జేసుకునే షరతు, ఆ తారీకు సొంత లాయర్‌తోని సూపియ్యి, బిల్డర్ జూపిచ్చిన లాయర్ వద్దు.

హ్యారిస్ పార్క్ నుంచి, కొత్త సభ్యుడు:

అందరికీ ధన్యవాదాలు. కొనే ఆలోచన మానేశాను. అక్కయ్య చెప్పింది మా ఆవిడకి చదివి వినిపించాను, మెట్లు వద్దంది, కారు లేని చోటూ వద్దంది. వెస్ట్‌మీడ్ స్టేషన్ దగ్గర లిఫ్ట్ ఉన్నవి బడ్జెట్ దాటుతున్నాయి. ఇవాళ ఏజెంట్ కార్లింగ్‌ఫర్డ్ వైపు టెలోపియాలో ఒకటి చూపిస్తానన్నాడు, లైట్ రైల్ ఆగుతుందట. అది ఎలాంటి చోటు? శనివారం పదకొండున్నరకి ఇన్‌స్పెక్షన్.

వెస్ట్‌మీడ్ నుంచి, పాత సభ్యుడు:

ఆ వైపు జనం రైలు కోసం చాలా ఓపిక పట్టారు తమ్ముడూ. పాత కార్లింగ్‌ఫర్డ్ రైలుని 2020 జనవరిలో మూసేశారు, దాని స్థానంలో లైట్ రైల్ 2024 డిసెంబరు 20న వచ్చింది. మధ్యలో అయిదేళ్లు బస్సే గతి. ఇప్పుడు కార్లింగ్‌ఫర్డ్ నుంచి టెలోపియా, పారమటా మీదుగా వెస్ట్‌మీడ్ దాకా 12 కిలోమీటర్లు బాగానే నడుస్తోంది. నువ్వు పారమటాలో దిగి టీ1కి మారాలి. ఒక మార్పు, పెద్ద ఇబ్బంది కాదు. శనాదివారాల్లో ట్రాక్ పనులకని టీ1 ఆపి బస్సులు వేస్తుంటారు, ఆఫీసు రోజులు కావు కాబట్టి పర్లేదు.

టెలోపియాలో పాత ప్రభుత్వ గృహాల ప్రాంతమంతా కూల్చి కొత్తవి కట్టే పని ఉంది. ఏళ్లపాటు సాగేదే. కాబట్టి ఆ యూనిట్ ఏ వైపు చూస్తుందో ముఖ్యం, బాల్కనీ ఎదురుగా ఖాళీ కంచె ఉంటే దానిమీద బోర్డు చదువు. ఇన్‌స్పెక్షన్లు శనివారమే పెడతారు. శనివారం నిర్మాణ పనులు మామూలుగా ఒంటిగంటకి ఆపేస్తారు, ఎనిమిదికి ముందు మొదలెట్టరు. మామూలు రోజుల్లో పొద్దున్న ఏడింటినుంచి సాయంత్రం ఆరు దాకా చేసుకోవచ్చు. అందుకని పనిదినం పొద్దున్న ఏడుంబావుకి ఒకసారి ఆ వీధిలో నిలబడి, అక్కణ్ణుంచే లైట్ రైల్ ఎక్కి ఆఫీసుకి వెళ్లు. చప్పుడూ తెలుస్తుంది, ప్రయాణానికి ఎంతసేపు పడుతుందో కూడా తెలుస్తుంది. నచ్చితే అప్లికేషన్ ఆ రాత్రికే పెట్టెయ్. పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగం లెటరు, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు ముందే ఒక ఫైలులో సిద్ధం చేసుకో. ఇక్కడ ఇంతకుముందు అద్దెకున్న చరిత్ర నీకు లేదు కాబట్టి మీ మేనేజర్ చేత రెండు వాక్యాల ఉత్తరం రాయించు.