జర్నల్స్ ప్యాకేజీ ఈసారి రెన్యువల్ చేయాలా, మానేయాలా?

గుంటూరు_లైబ్రేరియన్:
గుంటూరు దగ్గర ఒక ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీలో పని చేస్తున్నాను. ఈ-జర్నల్స్ (ఆన్‌లైన్‌లో చదివే పరిశోధన పత్రికలు) ప్యాకేజీకి కొత్త కొటేషన్ వచ్చింది. ఎప్పటిలాగే రేటు పెంచారు, బిల్లేమో డాలర్లలో. నిన్న యూసేజ్ రిపోర్ట్ ప్రింట్ తీసి, ఏడాదిలో ఒక్కసారైనా ఎవరో ఒకరు తెరిచిన జర్నల్ పక్కన పెన్సిల్‌తో టిక్ పెట్టుకుంటూ వెళ్లాను. మూడో పేజీ మొత్తం సున్నాలే. పోనీ కావాల్సినవి నాలుగూ విడిగా ఇమ్మంటే, వాటికి చెప్పే ధరే దాదాపు ప్యాకేజీ అంత. మానేద్దామని నా ఉద్దేశం. మీరేమంటారు?

ఈసీఈ_మాస్టారు:
తొందరపడకండి మేడం. ఎంటెక్ ప్రాజెక్టు మధ్యలో ఏ పేపర్ అవసరం పడుతుందో ముందు ఎవరికి తెలుసు? పైగా తనిఖీకి వచ్చే కమిటీ మొదట అడిగేది జర్నల్స్ ఎన్ని అనే. మీ మూడో పేజీ కూడా ఆ లెక్కలోకి వస్తుంది.

గుంటూరు_లైబ్రేరియన్:
అసలు సంగతి మీరే చెప్పేశారు సార్. చదవడానికి కాదు, చూపించడానికి కొంటున్నాం. ప్యాకేజీకి పోగా మిగిలిందే పుస్తకాలకు. మొన్న ఫస్టియర్ అబ్బాయి మ్యాథ్స్ పుస్తకం అడిగితే అట్ట ఊడిపోయినది చేతిలో పెట్టాను. నాకే సిగ్గేసింది.

రీసెర్చ్_స్కాలర్:
మాది ప్రభుత్వ విశ్వవిద్యాలయం. 2025 నుంచి, ప్రభుత్వ విద్యాసంస్థల కోసం కేంద్రం పెట్టిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం కింద 30 మంది పబ్లిషర్ల జర్నల్స్, సుమారు 13,000, మాకు వస్తున్నాయి. మూడేళ్లకు కేంద్రం 6,000 కోట్లు కేటాయించింది. ప్రైవేట్ కాలేజీలో చేరిన నా ఫ్రెండ్ పేపర్ కావాలంటే రాత్రిపూట నాకు వాట్సాప్ చేస్తాడు. మీరు మానేయడం కాదు మేడం, మమ్మల్నీ అందులో చేర్చండని అడగాలి.

బెజవాడ_పాతకాపు:
అడగాల్సిందే తమ్ముడూ, కానీ 6,000 కోట్లు కూడా చివరికి ఆ పబ్లిషర్లకే కదా చేరేది! పేపర్ రాసేదీ, దాన్ని పరిశీలించేదీ మన అధ్యాపకులే, చాలావరకు పైసా తీసుకోకుండా. మళ్లీ కొనుక్కునేదీ మనమే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2019లో ఎల్సెవియర్ అనే పెద్ద జర్నల్స్ పబ్లిషర్‌కు చందా ఆపేసి, 2021లో గానీ కొత్త ఒప్పందానికి రాలేదు. అంత పెద్ద సంస్థకే రెండేళ్లు పట్టింది. ఒక్క కాలేజీ బెదిరిస్తే ఎవరు జంకుతారు? చుట్టుపక్కల పది కాలేజీల లైబ్రేరియన్లు కలిసి కూర్చోండి.
ఇంకోటి. అచ్చు జర్నల్స్ రోజుల్లో చందా ఆపినా, పాత సంచికలు బైండు చేయించి బీరువాలో పెట్టుకునేవాళ్లం. ఇప్పుడు ఆపితే మీకేం మిగులుతుందమ్మా? సంతకం చేసిన కాగితం ఒకసారి చూడండి.

గుంటూరు_లైబ్రేరియన్:
ఇప్పుడే చూశాను సార్. చందా నడిచినన్నాళ్లే అని ఉంది. ఇన్నేళ్లు కట్టిన డబ్బుకు ఒక్క సంచిక కూడా మాది కాదు. రేపు టిక్కుల కాగితాలతో పాటు ఇదీ ప్రిన్సిపాల్ గారి టేబుల్ మీద పెడతాను.

ఈసీఈ_మాస్టారు:
మా కాలేజీ కాగితంలో ఏముందో మరి. అసలది ఎవరి దగ్గరుందో ముందు కనుక్కోవాలి.