అప్‌డేట్: "స్క్రమ్ మాస్టర్‌ని, మేనేజర్‌ని కాదు, టీమ్ కదలట్లేదు" అన్న పోస్ట్, సాల్వ్ అయింది

కొత్తగా చూసేవాళ్ల కోసం, నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ టీమ్‌కి స్క్రమ్ మాస్టర్‌ని, అంటే స్క్రమ్ అనే పద్ధతిలో టీమ్ పని సాగేలా చూడటం నా పని, అప్రైజల్స్ నా చేతిలో ఉండవు, స్టాండప్‌లో (రోజూ జరిగే చిన్న మీటింగ్) అందరూ నా వైపు చూసి స్టేటస్ అప్పజెప్పి వెళ్లిపోయేవాళ్లు, నేను పంచితే తప్ప ఎవరూ టికెట్ (ఒక్కో పనికి రాసుకునే కార్డ్) ముట్టుకునేవాళ్లు కాదు. రిప్లై ఇచ్చిన అందరికీ థాంక్స్ అండి.

పనిచేసింది మాత్రం "బోర్డ్‌ని కుడి నుంచి ఎడమకి చూడండి" అన్న సలహా. బోర్డ్‌లో టికెట్లు ఒక్కో దశకి ఒక్కో కాలమ్ చొప్పున ఎడమ నుంచి కుడికి, చివరికి డన్ (పూర్తయింది) కాలమ్‌కి కదులుతాయి. అంటే నిన్న ఏం చేశావ్ అని ఒక్కొక్కర్నీ అడక్కుండా, డన్‌కి దగ్గరగా ఉన్న టికెట్ తీసి ఇది ఇవాళ అవ్వాలంటే ఏం అడ్డం ఉంది అని అడగడం. నిన్న ఏం చేశావ్, ఇవాళ ఏం చేస్తావ్, అడ్డం ఏమైనా ఉందా అన్న ఆ పాత మూడు ప్రశ్నలు స్క్రమ్ అధికారిక పుస్తకం స్క్రమ్ గైడ్ 2020 ఎడిషన్‌లోనే తీసేశారు, రూల్ కదా అన్నవాళ్లకి అదే చూపించా.

రెండోది, టెస్టింగ్ కాలమ్‌కి విప్ లిమిట్ 3, అంటే అందులో ఒకేసారి మూడు టికెట్లకి మించి ఉండకూడదు. ఇది నేను పెట్టలేదు, రెట్రోలో (పని ఎలా సాగిందో టీమ్ మాట్లాడుకునే మీటింగ్) కొట్టుకుని కొట్టుకుని వాళ్లే తేల్చుకున్నారు, అందుకే నిలబడింది. కాలమ్ నిండితే డెవలపర్ తన పని అందులోకి తోయలేడు, ఇక వెళ్లి టెస్టర్ పక్కన కూర్చోవాల్సిందే, అసలు మాటలు అక్కడే మొదలయ్యాయి.

మేనేజర్ గారిని స్టాండప్‌కి కాకుండా స్ప్రింట్ రివ్యూకి (కొన్ని వారాల పని పూర్తయ్యాక దాన్ని చూపించే మీటింగ్) రమ్మన్నా, ఒప్పుకున్నారు, అదీ బాగా హెల్ప్ అయింది.

జిరా (మా బోర్డ్ ఉండే సాఫ్ట్‌వేర్) సెట్టింగులు మార్చడం, ఇంకో సర్టిఫికేషన్, ఇవేవీ అక్కర్లేదు. టీమ్ లంచ్ కూడా పెట్టాం, బిర్యానీ సూపర్, బోర్డ్ మాత్రం అంగుళం కదల్లేదు.

ఒక సీనియర్ మాత్రం ఇంకా నాకే రిపోర్ట్ చేస్తుంటాడు, సరేలే.