థర్మోస్టాట్ హౌసింగ్ బోల్ట్ తల తెగిపోయింది, మిగిలిన ముక్క ఎలా తీయాలి?

ఉప్పల్ నుంచి:
అన్నలూ, కొంచెం సాయం చేయండి. మాది 2012 మోడల్ పెట్రోల్ కారు, కూలెంట్ కారుతోందని థర్మోస్టాట్ హౌసింగ్ (ఇంజిన్ వేడిని అదుపు చేసే వాల్వ్ ఉండే డొప్ప) ఇంట్లోనే విప్పడం మొదలుపెట్టాను. పై బోల్ట్ సులువుగా వచ్చేసింది, కిందది కదల్లేదు. పానాకి పైపు తొడిగి లాగితే కాస్త మెత్తగా తిరిగినట్టు అనిపించింది, హమ్మయ్య వదులైంది అనుకునేలోపే టక్‌మని తల ఊడి చేతికొచ్చింది. ఎం6 బోల్ట్ (6 మిల్లీమీటర్ల మందం), ఇంజిన్ హెడ్ అల్యూమినియం. హౌసింగ్ తీసి చూస్తే ముక్క నాలుగైదు మిల్లీమీటర్లు బయటికి ఉంది. పక్కింటాయన ఈజీ అవుట్ (విరిగిన ముక్కలో రంధ్రం చేసి, అందులో దింపి తిప్పి బయటికి తీసే పనిముట్టు) తెచ్చిస్తానంటున్నారు. సోమవారం అమ్మని చెకప్‌కి పంజాగుట్ట తీసుకెళ్లాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

బాలానగర్ లేత్ షాప్:
తమ్ముడూ, ఈజీ అవుట్ మాట ఇప్పుడే వద్దు. నీకు ముక్క బయటికి ఉంది, అది అదృష్టం. కూలెంట్ తగిలే చోట స్టీల్ బోల్ట్, అల్యూమినియం హెడ్ రెండూ కలిసి తుప్పు పట్టి అతుక్కుపోతాయి. నీకు మెత్తగా అనిపించింది బోల్ట్ వదులవడం కాదు, మెలిపడి సాగడం. ఇంకోసారి అలా అనిపిస్తే వెంటనే ఆపి బిగించే వైపు కొద్దిగా తిప్పాలి, ఆ తర్వాతే విప్పే వైపు.

రస్ట్ ఆయిల్ కొట్టి ఒక రాత్రి వదిలేయ్. పొద్దున్న వెల్డింగ్ మనిషిని ఇంటికే పిలిపించి, ముక్క మీద నట్ పెట్టి నట్ లోపలి నుంచి వెల్డ్ చేయించు. స్టీల్ వెల్డింగ్ అల్యూమినియంకి పట్టదు కాబట్టి హెడ్‌కి అతుక్కుంటుందని భయపడకు, కానీ ఎక్కువసేపు ఒకేచోట కాలిస్తే హెడ్ కరుగుతుంది, అందుకే చిన్న చిన్న టాక్‌లే, అంటే చుక్క చుక్కగా వెల్డ్ చేయడమే. అసలు పని చేసేది ఆ వేడే. వేడికి అల్యూమినియం స్టీల్ కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, దాంతో పట్టు సడలుతుంది. నట్ ఎర్రదనం పోయాక, ఇంకా వేడిగా ఉండగానే అటూ ఇటూ మెల్లగా ఆడించు. మొదటిసారి నట్ ఊడిపోతే మళ్లీ పెట్టించు, మా దగ్గర మూడోసారికి వచ్చినవి చాలా ఉన్నాయి. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ రెండు టెర్మినల్స్ తీసెయ్, లేకపోతే ఈసీయూకి, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌కి ప్రమాదం. ఆయిల్, పెట్రోల్ తడి శుభ్రంగా తుడిచెయ్, మంటలార్పే సిలిండర్ (ఫైర్ ఎక్స్‌టింగ్విషర్) పక్కనే ఉండాలి.

మల్కాజ్‌గిరి:
ఈజీ అవుట్ గురించి అన్న చెప్పింది అక్షరాలా నిజం. నాకు ఎగ్జాస్ట్ స్టడ్‌లో ఈజీ అవుట్ విరిగింది. దాని లోహం ఎంత గట్టిదంటే మామూలు డ్రిల్ బిట్ దాని మీద జారిపోతుందే తప్ప దిగదు. చివరికి హెడ్ మొత్తం విప్పి స్పార్క్ ఎరోజన్ (కరెంటు నిప్పురవ్వలతో లోహాన్ని కొద్దికొద్దిగా తినేసే పద్ధతి) చేసే చోటికి మోసుకెళ్లాను. బోల్ట్‌కి అయ్యే ఖర్చేంటి, నాకు అయిన ఖర్చేంటి! ఒకవేళ డ్రిల్ చేయాల్సి వస్తే సెంటర్ పంచ్‌తో (గుంట పెట్టే మొనదేలిన కడ్డీ) సరిగ్గా మధ్యలో కొట్టు, 3 మిల్లీమీటర్లతో మొదలుపెట్టు, రాణిగంజ్‌లో అడిగితే ఎడమ వైపు తిరిగే బిట్లు దొరుకుతాయి. అవి కోస్తూ కోస్తూనే ఒక్కోసారి ముక్కని పట్టుకుని బయటికి లాగేస్తాయి. కూలెంట్ దారిలో గుడ్డ కుక్కు, రజను లోపలికి పోకూడదు. ఆ గుడ్డ తీయడం మాత్రం మర్చిపోకు.

బాలానగర్ లేత్ షాప్:
ఇంకో మాట. ముక్క వచ్చాక ఎం6 ట్యాప్ (రంధ్రంలో మర కోసే పనిముట్టు) చేత్తోనే మెల్లగా దింపి మర శుభ్రం చెయ్. మర పాడైతే హెలికాయిల్ (కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట) వేయిస్తే సరి, హెడ్ మార్చమని ఎవరైనా అంటే నమ్మకు. రెండు బోల్టులూ కొత్తవి వెయ్. ఎం6కి బిగింపు బలం సుమారు 10 న్యూటన్ మీటర్లే, మీ కారు మాన్యువల్‌లో ఉన్న అంకె చూసుకో. అంత చిన్న బోల్ట్‌కి పైపు తొడగడం ఇక మానెయ్.

ఉప్పల్ నుంచి:
వచ్చేసింది అన్నా! మొదటి నట్ ఊడిపోయింది, రెండోది పట్టింది. పావు తిప్పు తిరిగి కిర్రుమంది, వెంటనే వెనక్కి, మళ్లీ ముందుకు, అలా పది నిమిషాలు పట్టింది. బయటికొచ్చాక చూస్తే మర సందుల నిండా సున్నంలా తెల్లటి పొడి. ట్యాప్ సాఫీగా దిగింది, హెలికాయిల్ అవసరం పడలేదు. కొత్త గాస్కెట్, కొత్త బోల్టులు వేసి కూలెంట్ నింపి అరగంట నడిపాను, ఒక్క చుక్క కారలేదు. పక్కింటాయన కూడా పక్కనే నిలబడి టార్చ్ పట్టారు. సోమవారం అమ్మని ఇదే కారులో తీసుకెళ్తున్నాను. మీ ఇద్దరికీ చాలా థ్యాంక్స్.