ప్రెషర్ 15 ఉన్నా నీటికాసులు: తప్పు ప్రెషర్‌దా, రక్తానిదా?

బ్రాడీపేట అబ్బాయి:
మా నాన్నగారికి 68. కంటి ప్రెషర్ ఎప్పుడు చూసినా 15 దాటలేదు. 10 నుంచి 21 దాకా నార్మలే కదా. అయినా నీటికాసులని (గ్లకోమా, కంటి నరం దెబ్బతినే జబ్బు) తేల్చి, ప్రెషర్ తగ్గే చుక్కల మందు రాశారు. లేని ప్రెషర్‌ని తగ్గించడమేంటి? బెజవాడలో ఉండే మా బాబాయి మాత్రం "కంటికి రక్తం చాలట్లేదు, రాత్రి వేసే బీపీ మాత్ర ఆపేయండి" అంటున్నాడు.

పటమట మాస్టారు:
మీ బాబాయి మాటలో సగం నిజముంది. సగటు బీపీలో (కింది అంకెకి, రెండంకెల తేడాలో మూడో వంతు కలిపితే వచ్చేది) మూడింట రెండు వంతులు తీసుకుని, అందులోంచి కంటి ప్రెషర్ తీసేస్తే మిగిలేదే కంట్లోకి రక్తాన్ని తోసే బలం. పగలు బీపీ 130/80 ఉంటే 49 మిగులుతుంది. నిద్రలో 100/55కి పడితే 32. కంటి ప్రెషర్ 15 దగ్గరే ఉన్నా కంటి నరం పస్తులుంటుంది. జపాన్‌లోని తజిమిలో సర్వే చేస్తే, నీటికాసుల్లో ఓపెన్ యాంగిల్ (కంట్లో నీరు బయటికి పోయే మూల తెరిచే ఉండే) రకం వాళ్లలో 92 శాతం మందికి ప్రెషర్ 21 లోపే. దీనికేమంటారు?

ఓపీ అమ్మాయి (ఆప్టోమెట్రిస్ట్‌ని):
మాస్టారూ, ఆ మూడింట రెండు వంతులు కూర్చున్న మనిషి లెక్కండీ. పడుకుంటే కన్ను గుండె మట్టానికి వస్తుంది, కాబట్టి ఆ 32 నిలవదు. పడుకుంటే కంటి ప్రెషర్ కూడా పెరుగుతుంది, 15 దగ్గరే ఉండదు. పైగా నరం చచ్చాక ఆ చోట రక్తం అవసరమే తగ్గిపోతుంది. స్కాన్‌లో సన్న రక్తనాళాలు పలచబడినట్టు కనబడితే, ఏది ముందో ఏది వెనకో ఎలా చెప్తాం? చుక్కల సంగతి మాత్రం తేలిందే. 1998లో వెలువడిన ట్రయల్‌లో నార్మల్ ప్రెషర్ వాళ్లకే 30 శాతం తగ్గించి చూశారు. జబ్బు ముదిరింది 12 శాతం మందికి. వైద్యం చేయనివాళ్లలో 35 శాతం.

పటమట మాస్టారు:
తగ్గించినా ఆ 12 శాతానికి ఎందుకు ముదిరిందమ్మా? ఆ ట్రయల్‌లోనే మైగ్రేన్ ఉన్నవాళ్లకి తొందరగా ముదిరింది. నరం అంచున చిన్న రక్తపు చారిక కనబడినవాళ్లకీ అంతే. ఇవి రక్తనాళాల గొడవలు కావా?

ఓపీ అమ్మాయి:
కాదనను. రక్తప్రసరణకి పాత్ర ఉంది. కానీ దాన్ని పెంచి నీటికాసుల్ని ఆపొచ్చని రుజువైన మందు లేదు, ప్రెషర్ తగ్గించే మందుంది. అబ్బాయిగారూ, మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు. బీపీ డాక్టర్‌ని అడిగి 24 గంటల బీపీ పరీక్ష చేయించండి. రాత్రి మరీ పడుతుంటే మాత్ర వేసే వేళ ఆయనే మారుస్తారు. చుక్కల్లో టిమోలాల్ ఉందేమో చూడండి, అది కూడా బీపీని, నాడిని తగ్గిస్తుంది. ఆస్తమా ఉంటే తప్పక చెప్పాలి.

బ్రాడీపేట అబ్బాయి:
ఆస్తమా లేదండీ. మనిషి గట్టి. ఇప్పటికీ రోజూ పొద్దున్నే శీర్షాసనం వేస్తారు.

ఓపీ అమ్మాయి:
అయ్యో, ఇది మొదటే చెప్పాల్సిందండీ! తలకిందులుగా ఉన్నంతసేపూ కంటి ప్రెషర్ దాదాపు రెట్టింపవుతుంది. రేపటి నుంచి మాన్పించండి.

బ్రాడీపేట అబ్బాయి:
మాత్ర మాన్పించడమే తేలికేమో.