వీధిలో వాయించడానికి లూపర్, ఎలక్ట్రానిక్ తంబురా, బ్యాటరీ స్పీకరు: మీ అనుభవాలు చెప్పండి

తీరవేణువు (విశాఖపట్నం):
నేను కర్ణాటక పద్ధతిలో వేణువు వాయిస్తాను. ఆర్కే బీచ్ రోడ్డులో ఉదయం వాహనాలను ఆపివేసే వేళలో, నడకకు వచ్చేవారి ముందు కూర్చుని వాయించాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. పక్కవాద్యానికి ఎవరూ రారు కనుక శ్రుతికి ఎలక్ట్రానిక్ తంబురా, లయకు లూపర్ పెడల్ (వాయించిన ముక్కను రికార్డు చేసి, దాన్నే మళ్లీ మళ్లీ వినిపిస్తూ ఉండే, కాలితో నొక్కే పరికరం), వీటన్నింటికీ కలిపి ఒక బ్యాటరీ స్పీకరు ఉంటే చాలునని నా అంచనా. ఇంట్లో ఉన్న బ్లూటూత్ స్పీకరుతో పని జరుగుతుందా, కొత్తది కొనక తప్పదా, అనుమతుల సంగతేమిటి? రోడ్డు మీద వాయించినవారు వివరంగా రాస్తే మేలు చేసినవారవుతారు.

మైకుసెట్టు గోదావరి (రాజమహేంద్రవరం):
బ్లూటూత్ స్పీకరు మీద వేణువును వినిపించాలన్న ఆలోచన మానుకోండి. ధ్వనిని కుదించి, పంపి, మళ్లీ విప్పడానికి మామూలు బ్లూటూత్‌కు 100 నుంచి 200 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. నిమిషానికి 60 దెబ్బల వేగంలో ఆది తాళం వేసుకుని చతురశ్ర గతిలో, అంటే దెబ్బకు నాలుగు మాత్రల చొప్పున వాయిస్తే ఒక్కో మాత్రకు 250 మిల్లీసెకన్లే దక్కుతాయి కాబట్టి, మీరు ఊదిన స్వరం అర మాత్ర నుంచి దాదాపు ఒక మాత్ర దాకా వెనక పడి వినిపిస్తుంది. అలా వింటూ తాళం నిలబెట్టుకోవడం ఎంతటివారికైనా కష్టమే. తంబురా ఒక్కటే అయితే బ్లూటూత్‌లో పంపినా నష్టం లేదు, ఎందుకంటే శ్రుతికి తాళంతో పని లేదు. వేణువు, లూపరు మాత్రం తీగ ద్వారానే వెళ్లాలి. తీగతో వచ్చిన ధ్వని మూడు మీటర్ల దూరంలోని స్పీకరు నుంచి మీ చెవికి చేరడానికి తొమ్మిది మిల్లీసెకన్లు పడుతుంది. ఆ మాత్రం ఆలస్యాన్ని చెవి పట్టించుకోదు.

ఇక ఆరుబయట సంగతి. గదిలో గోడలు ధ్వనిని తిప్పి పంపుతాయి, బీచ్‌లో ఆ సాయం ఉండదు. దూరం రెట్టింపయిన ప్రతిసారీ సుమారు ఆరు డెసిబెళ్లు తగ్గిపోతాయి, దాని మీద అలల హోరు ఉండనే ఉంటుంది. అందరూ అప్పుడు వాల్యూమ్ పెంచుతారు, పెంచగానే మైకు కూయడం మొదలుపెడుతుంది. వాల్యూమ్ జోలికి వెళ్లే ముందు స్పీకరును నేల మీద నుంచి తీసి స్టాండు మీద, నిలబడినవారి చెవి ఎత్తున పెట్టి చూడండి. నేల మీద ఉన్న స్పీకరు ముందు వరుసవారి మోకాళ్లకే కచేరీ చేస్తుంది. స్పీకరు ఎప్పుడూ మైకు కంటే ముందుండాలి, దాని ముఖం జనం వైపు ఉండాలి.

కరెంటుపని (గుంటూరు):
విద్యుత్తు గురించి నేను చెబుతాను. లూపర్ పెడళ్లు చాలావరకు తొమ్మిది వోల్టులతో పనిచేస్తాయి, పవర్‌బ్యాంకు యూఎస్‌బీ ఇచ్చేది ఐదు వోల్టులు. మధ్యలో వోల్టేజీ పెంచే తీగ వేయవలసి ఉంటుంది. ఆ తీగ కొనేటప్పుడు పెడల్ మీద ముద్రించిన ధ్రువాల గుర్తు చూసుకోండి. ఎక్కువ పెడళ్లకు పిన్ను మధ్యభాగం నెగటివ్, తారుమారైతే లోపలి సర్క్యూట్ దెబ్బతినవచ్చు. ఇంకొక చిక్కు దుకాణంలో ఎవరూ చెప్పరు. ఫోను చార్జింగ్ కోసం చేసిన పవర్‌బ్యాంకు, లాగే విద్యుత్తు మరీ తక్కువగా ఉంటే ఫోను నిండిపోయిందనుకుని కాసేపటికి తనంతట తాను ఆగిపోతుంది. చిన్న పెడల్‌కు కావలసింది తక్కువే కాబట్టి పల్లవి నడుస్తుండగా లూపరు చల్లగా ఆరిపోతుంది. తక్కువ విద్యుత్తుకూ ఆగకుండా నడిచే మోడు ఉన్న పవర్‌బ్యాంకు ఎంచుకోండి.

ఒకే పవర్‌బ్యాంకు మీద పెడలునూ మిక్సరునూ (మైకు, పెడల్, తంబురాల ధ్వనులను కలిపి స్పీకరుకు పంపే పెట్టె) కలిపి నడిపితే సన్నని కీచుశబ్దం రావడం కూడా మామూలే. రెంటికీ వేరువేరు బ్యాటరీలు ఇస్తే చాలాసార్లు అది పోతుంది. స్పీకరు విషయంలో, వీధి వాద్యకారుల కోసమే తయారైనవి చూడండి. రోలాండ్ క్యూబ్ స్ట్రీట్ ఆరు పెన్సిల్ సెల్లులతో నడుస్తుంది, శక్తి మొత్తం ఐదు వాట్లే. దాని పెద్దన్న ఈఎక్స్ ఎనిమిది సెల్లులతో 50 వాట్ల వరకు ఇస్తుంది. ఒంటరి వేణువుకు పెద్దది అక్కరలేదన్నది నా అభిప్రాయం.

లూపురాగం (హైదరాబాద్):
ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు లూపరుతో వాయించేవారితో తిరిగాను, నేనూ వాయిస్తాను. మొదట తాళం వేసి, దాని మీద ఒక పొర, ఆ పైన మరొక పొర పేర్చుకుంటూ పోవడం వినడానికి గొప్పగా ఉంటుంది కానీ దారిన పోయేవారికి అంత ఓపిక ఉండదు. మూడో పొర చేరేలోపు మొదట ఆగినవారు వెళ్లిపోతారు. అందుకని తాళాన్ని ఇంటి దగ్గరే రికార్డు చేసి పెడల్ మెమొరీలో ఉంచుకుని, అక్కడికి వెళ్లగానే వేణువుతోనే మొదలుపెట్టమంటాను. రోడ్డు మీద రికార్డు చేసే పొర ఏదైనా ఉంటే ఒక్క ఆవర్తనానికి (తాళం ఒక చుట్టు) మించకుండా చూసుకోండి, పొరలో దొర్లిన తప్పు ఆవర్తనానికొకసారి తిరిగి వస్తూనే ఉంటుంది.

ఒక ముఖ్యమైన జాగ్రత్త: చెల్లింపులు అందాయని చెప్పే సౌండ్‌బాక్సును మైకుకు దూరంగా పెట్టండి. మాలో ఒకరు ఖంజిరా పొర రికార్డు చేస్తున్న క్షణంలోనే ఎవరో క్యూఆర్ కోడుకు డబ్బు పంపారు. ఆ తరువాత పాట ముగిసేదాకా ప్రతి ఆవర్తనంలోనూ సమం (తాళం మొదటి దెబ్బ) మీద "యాభై రూపాయలు అందాయి" అన్న ప్రకటన వినిపించింది. పిల్లలకు మాత్రం అదే బాగా నచ్చింది.

దక్కీదరువు (కాకినాడ):
నాకు ఈ లూపరు మీద అంత మోజు లేదు. బుర్రకథలో కథకుడికి ఇరువైపులా నిలిచే వంతలు దక్కీ అనే చిన్న డోలు వాయిస్తూ, ఆయన ఆగితే ఆగుతారు, జనం నవ్వితే ఇంకొక మాట కలుపుతారు, కథ ఉద్రేకానికి వస్తే నడక పెంచుతారు. లూపరు ఎవరి కోసమూ ఆగదు. వీధిలో వాయించేవారు పసిబిడ్డ ఎదుట నిలిచినా, ముసలాయన ఫలానా కీర్తన వాయించమన్నా వెంటనే అటు తిరగగలగాలి. తంబురా ఉంచుకోండి, అభ్యంతరం లేదు. 1970ల చివరి నుంచి ఎలక్ట్రానిక్ తంబురాకు కచేరీ వేదికల మీదే చోటు దొరికింది. లయను మాత్రం కాలితోనో గజ్జెతోనో మీరే చూసుకుంటే మేలు.

లూపురాగం:
అయ్యా, మీ మాట కొంతవరకు ఒప్పుకుంటాను. అయితే కాలితో నొక్కగానే ఆగిపోయే పెడల్‌ను అవసరమైనచోట ఆపి, మళ్లీ సమం మీద ఎత్తుకోవడం సాధనతో వస్తుంది. వంతలు దొరకని ఒంటరివాడికి అది కూడా లేకుండా చేయడం న్యాయం కాదు.

థేమ్స్‌తీరం (లండన్):
ఇక్కడి పరిస్థితి చెబితే వాల్యూమ్ సంగతి తేలికవుతుంది. భూగర్భ రైలు స్టేషన్లలో 2003 నుంచి అనుమతి పొందినవారే గుర్తించిన చోట్లలో వాయిస్తున్నారు. నగరం నడిబొడ్డున ఉన్న వెస్ట్‌మిన్‌స్టర్‌లో 2021 నుంచి లైసెన్సు పద్ధతి వచ్చింది, స్పీకరు వాడుకునే వీలు కొన్ని చోట్లకే పరిమితం. అయినా లీస్టర్ స్క్వేర్‌లో చుట్టుపక్కల కార్యాలయాలవారు పెద్ద శబ్దం మీద, అవే పాటలు పదేపదే రావడం మీద ఫిర్యాదు చేసి కోర్టుకు వెళ్లారు; తీర్పు వచ్చాక 2025 ఏప్రిల్‌లో అక్కడ వీధి ప్రదర్శనలను నిలిపివేశారు. దారిన పోయేవారు రెండు నిమిషాలు విని వెళతారు, పై అంతస్తులో ఉన్నవారు రోజంతా వినాలి. రికార్డు చేసిన తాళం ఒక్కటే పెట్టుకుని గంటసేపు వాయించేవారి మీద కోపం రావడానికి శబ్దం ఒక్కటే కారణం కాదు.

మైకుసెట్టు గోదావరి:
మన దగ్గరి నిబంధనలు కూడా చెప్పుకుందాం. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకరు వాడకానికి అధికారుల లిఖితపూర్వక అనుమతి ఉండాలి, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట వాడకూడదు. ఆస్పత్రి, పాఠశాల, కోర్టుల చుట్టూ వంద మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రకటించే వీలుంది. పగటిపూట నివాస ప్రాంతంలో 55, వాణిజ్య ప్రాంతంలో 65 డెసిబెళ్లు పరిమితి. తీరవేణువు గారు ఆరుకు ముందు కూర్చోదలిస్తే స్పీకరు లేకుండా కూర్చోవడమే క్షేమం. ఆ తరువాత వాడేటట్లయితే పోలీసు స్టేషన్‌లో దరఖాస్తు ఇచ్చి, ముద్ర వేసిన నకలు జేబులో ఉంచుకోండి.

తీరవేణువు:
అందరికీ కృతజ్ఞతలు. ఆరు వరకు వట్టి వేణువు, ఆ తరువాత అనుమతి వస్తే చిన్న బ్యాటరీ స్పీకరు, తంబురా. లూపరును ప్రస్తుతానికి రెండు కృతులకే పరిమితం చేస్తాను. దక్కీదరువు గారి కోసం కాలికి గజ్జె కూడా కట్టుకుంటాను. గాలి విషయంలో ఏం చేయాలో ఇంకా ఎవరూ చెప్పలేదు.

కరెంటుపని:
మైకుకు మామూలు స్పాంజి తొడుగు సముద్రపు గాలికి ఆగదు, బొచ్చు తొడుగు వేయండి. మిక్సరులో 150 హెర్ట్జ్‌కు దిగువన ఉన్నదంతా తగ్గించేయండి. మామూలు వేణువు కింది స్వరాలు అంతకు బాగా పైన ఉంటాయి కనుక పోయేది గాలి హోరు మాత్రమే. ఉప్పుగాలికి జాక్‌లు పచ్చబారతాయి, ఇంటికి రాగానే పొడిగుడ్డతో తుడిచి, సెల్లులు బయటికి తీసి పెట్టండి.